మెట్టతామరకు పూత తగ్గింది, ఏం చేయాలి?

మాది దేవరకొండ దగ్గర ఊరు, ఎర్ర చెల్క నేల. మూడేళ్ల కింద ప్రహరీ వెంట మెట్టతామర దుంపలు పెట్టాం. నర్సరీలో కాన్నా అంటారు. రెండేళ్లు ఐదడుగులు పెరిగి ఎర్రగా విరగబూసింది. పిల్లలు నల్ల గింజలు ఏరుకెళ్లేవాళ్లు. ఈసారి పిలకలు గుంపులుగా కమ్ముకున్నాయి, పూలు మాత్రం అక్కడక్కడే. ఆకుల అంచులు మాడుతున్నాయి. మా బోరు నీళ్లకు బిందెలో తెల్లగా పొర కడుతుంది, నా అనుమానం దాని మీదే. కొన్ని ఆకులు చుట్టుకుని అతుక్కుపోయాయి, విప్పితే లోపల పచ్చ పురుగు. మందు కొట్టలేను, పక్కనే కోళ్లు తిరుగుతాయి. దుంపలు తవ్వి, విడదీసి నాటితే పూత వస్తుందా? ఇప్పుడే చేయాలా, తొలకరి దాకా ఆగాలా? పూసిన కాడను మొదలుకంటా కోయాలంటోంది మా అత్తమ్మ, నిజమేనా? పెంచినవాళ్లు కాస్త చెప్పండి.