1950 మెర్క్యురీ కస్టమ్: పాత సామానే బాగుచేయాలా, ఇంజిన్ నుంచి యాక్సిల్ దాకా మార్చేయాలా?

కింగ్‌పిన్:
1950 మెర్క్యురీ (ఫోర్డ్ వాళ్ళదే అమెరికన్ కారు) ఒకటి చేతిలో ఉంది. ఎప్పుడో ఎవరో పైకప్పు కోసి తగ్గించారు, ముందు కాయిల్ స్ప్రింగులు కోసేశారు, వెనక యాక్సిల్‌కీ కమాన్ పట్టీలకీ మధ్య దిమ్మలు పెట్టి నేలకి దించారు. చూడ్డానికి అదిరిపోతుంది, నడిపితే మాత్రం నరకం. ఫ్లాట్‌హెడ్ వీ8 (వాల్వులు హెడ్‌లో కాకుండా బ్లాక్‌లోనే ఉండే పాతకాలపు ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) వేడెక్కిపోతోంది, సెకండ్ గేరు దానంతట అదే జారిపోతోంది, వెనక హౌసింగ్ (యాక్సిల్ పళ్ళచక్రాలుండే పెట్టె) ఊళ పెడుతోంది, ముందు చక్రం పట్టుకుని ఊపితే కింగ్‌పిన్‌లలో (ముందు చక్రం పక్కలకి తిరగడానికి ఆధారమైన పిన్నులు) ఆట చేతికే తెలుస్తోంది. బ్రేకులు నాలుగూ డ్రమ్ములే. ఎలాగూ అన్నీ విప్పాల్సిందే కదా, అందుకే అడుగుతున్నా. షెవీ (షెవర్లే) 350 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజిన్ తక్కువ తిరిగేలా చేసే పై గేరు) ఉన్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్, ముందు మస్టాంగ్ 2 రకం సస్పెన్షన్ పెట్టేసి హాయిగా తిరగమంటాడు ఒక ఫ్రెండ్. ఒక్క ముక్క మార్చినా ఇక అది ఆ కారే కాదంటాడు ఇంకొకడు. నాకు హైవే మీద నడపాలని ఉంది, షోలో తుడుచుకుంటూ కూర్చోవాలని లేదు. మీరేమంటారు?

పాతఇనుము:
ముందు ఆ కటింగ్ మెషిన్ పక్కన పెట్టండి. మీరు చెప్పినవన్నీ అరుగుదల వల్ల వచ్చిన రోగాలే, డిజైన్ తప్పు ఒక్కటీ లేదు. ఫ్లాట్‌హెడ్ వేడెక్కుతుందని అందరూ తిడతారు, నిజమే, దాంట్లో ఎగ్జాస్ట్ బ్లాక్ లోపల నుంచే, నీళ్ళ దారుల మధ్యలోంచి బయటికి వస్తుంది, పైగా ఒక్కో వైపు మధ్య సిలిండర్లు రెండూ ఒకే పోర్టు పంచుకుంటాయి, అంటే ఆ వేడంతా రేడియేటర్ నెత్తిన పడుతుంది. కానీ అదే ఇంజిన్‌ని ఫోర్డ్ 1932 నుంచి 1953 దాకా అమెరికాలో అమ్మింది, అన్నేళ్ళూ జనం దాన్నే నడిపారు. బ్లాక్ లోపల పేరుకున్న తుప్పూ మడ్డీ పూర్తిగా తీయించి, రేడియేటర్ శుభ్రం చేయించి, టైమింగ్ సరిగ్గా పెడితే సగం గొడవ అక్కడే పోతుంది. పైసా ఖర్చు పెట్టేముందు మాత్రం బ్లాక్‌కి పగుళ్ల పరీక్ష చేయించండి, వాల్వ్ సీటు నుంచి సిలిండర్ వైపు పగలడం వీటికి మామూలే.

ముందు సస్పెన్షన్ సంగతి. 1948 దాకా ఫోర్డ్, మెర్క్యురీలకి ముందొకటి వెనకొకటి అడ్డ కమాన్లు, డ్రైవ్ షాఫ్ట్‌ని కప్పి కారుని ముందుకి నెట్టే బలాన్ని మోసే టార్క్ ట్యూబు ఉండేవి. 1949లో అవన్నీ పోయి ముందు ఇండిపెండెంట్ కాయిల్ స్ప్రింగులు, వెనక నిలువు కమాన్లు, బయటికి కనిపించే డ్రైవ్ షాఫ్ట్ వచ్చాయి. అంటే మీ కారుకి పనికొచ్చే సస్పెన్షన్ ఆల్రెడీ ఉంది! కొత్త కింగ్‌పిన్‌లు, బుష్‌లు వేసి, పిన్ను సరిగ్గా పట్టేలా వాటికి రీమర్ పట్టిస్తే అయిపోతుంది. దాన్ని కోసేసి, 1974-78 నాటి మస్టాంగ్ 2 అనే ఓ చిన్న కారు కోసం చేసిన డిజైన్‌ని ఇంత బరువు బండికి వెల్డింగ్ చేయడం ఏం తెలివో నాకైతే అర్థం కాదు.

టాప్‌గేర్‌బ్రదర్:
పాతఇనుము గారూ, ఇక్కడ మాట్లాడుతోంది ఫ్యాక్టరీ కారు గురించి కాదు, పైకప్పు కోసేసిన కస్టమ్ గురించి. దానికి "ఒరిజినల్" ఏమిటి? హిరోహటా మెర్క్ అని పేరుపడ్డ 1951 మెర్క్యురీ ఉంది చూడండి, బారిస్ అనే కస్టమ్ కార్ల షాపులో తయారైంది, కస్టమ్ కార్లలో దాన్ని మించిన పేరు ఇంకోటి లేదు, దాంట్లోనే ఫ్లాట్‌హెడ్ పీకేసి 1953లో కాడిలాక్ వీ8 పెట్టారు. ఆ రోజుల్లో వాళ్ళు దొరికినదాంట్లో మంచి ఇంజిన్ ఏదైతే అది పెట్టుకున్నారు. ఇవాళ మనం పెడితే తప్పెలా అవుతుంది?

ఇక హైవే లెక్క చూద్దాం. ఇంజిన్ ఎంత తిరుగుతుందో తెలియాలంటే గంటకి మైళ్ళ వేగాన్ని యాక్సిల్ రేషియోతో, మళ్ళీ 336తో గుణించి, టైరు వ్యాసం అంగుళాల్లో ఎంతో దాంతో భాగించాలి. 3.9 యాక్సిల్, 28 అంగుళాల టైరు, 70 మైళ్ళ వేగం అనుకుంటే దాదాపు 3,280 ఆర్పీఎం. ఆ కాలపు లాంగ్ స్ట్రోక్ ఇంజిన్‌ని గంటల తరబడి అలా ఏడిపించడం కంటే ఓవర్‌డ్రైవ్ ఉన్న కొత్త గేర్‌బాక్స్ పెట్టడం దాని మీద జాలి చూపడమే.

పాతఇనుము:
కాడిలాక్ ఇంజిన్ పెట్టారు, ఒప్పుకుంటా. అది ఆ కాలపు ఇంజిన్, బానెట్ ఎత్తితే ఆ కాలమే కనిపిస్తుంది. 350 పెడితే బానెట్ కింద అందరి కారూ ఒకటే. మీ ఆర్పీఎం లెక్కకి జవాబు కూడా అప్పుడే ఉంది: బోర్గ్ వార్నర్ ఓవర్‌డ్రైవ్, ఫ్యాక్టరీ ఆప్షనే, రేషియో 0.7. మీ 3,280 కాస్తా 2,300కి దిగుతుంది. అది మామూలు మూడు గేర్ల బాక్సు కంటే పొడవు కాబట్టి డ్రైవ్ షాఫ్ట్ కొంచెం తగ్గించుకోవాలి, అంతే. సెకండ్ గేరు జారే బాక్సు ఎలాగూ విప్పుతున్నారు కదా!

లేత్‌షాపు:
ఇద్దరూ ఇంజిన్ దగ్గరే కొట్టుకుంటున్నారు, కారు భయపెట్టేది మాత్రం కింద. నా అభిప్రాయం ఒక్కటే: ఏ ఇంజిన్ అయినా పెట్టుకోండి, ముందు ఇదివరకు చేసిన దించుడు పని సరిచేయండి. ఎందుకంటే,

కాయిల్ కోస్తే స్ప్రింగు గట్టిపడుతుంది, కదలడానికి చోటు తగ్గుతుంది, చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే కంట్రోల్ ఆర్ములు ఎప్పుడూ పైకి లేచిన కోణంలోనే ఉంటాయి. అప్పుడు స్టీరింగ్ కదలికని చక్రానికి చేర్చే టై రాడ్ తిరిగే వంపూ ఆర్ములు తిరిగే వంపూ ఒకదానితో ఒకటి కలవవు, గుంటలో పడిన ప్రతిసారీ మీరు స్టీరింగ్ తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. దీనికి కింగ్‌పిన్ ఎంత కొత్తది వేసినా లాభం లేదు. సరైన ఎత్తు స్ప్రింగులు వేసి, ఇంకా దించాలంటే చక్రం బిగించే హబ్ స్థానాన్ని పైకి జరిపే డ్రాప్డ్ స్పిండిల్ వేయండి, ఆర్ముల కోణం చెడదు.

వెనక దిమ్మలు ఇంకా ప్రమాదం. దిమ్మ ఎంత పెద్దదైతే యాక్సిల్‌కి కమాన్‌ని మెలిపెట్టే బలం అంత పెరుగుతుంది, యాక్సిలరేటర్ తొక్కగానే పినియన్ (డ్రైవ్ షాఫ్ట్ తిప్పే, యాక్సిల్‌లోని చిన్న పళ్ళచక్రం) ముక్కు పైకి లేస్తుంది, దాంతో క్రాస్‌ల (డ్రైవ్ షాఫ్ట్ రెండు చివర్లా ఉండే కీళ్ళు) కోణాలు మారిపోతాయి. కోణంలో ఉన్న క్రాస్ ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచి తగ్గిస్తుంది. గేర్‌బాక్స్ వైపు కోణమూ పినియన్ వైపు కోణమూ సమానంగా ఉంటేనే ఆ హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇంజిన్ 3 డిగ్రీలు వెనక్కి వాలితే పినియన్ దాదాపు 3 డిగ్రీలు పైకి చూడాలి, కమాన్ మెలితిరిగేదానికి ఒకటో రెండో డిగ్రీలు మినహాయించుకోవాలి. కారు బరువంతా చక్రాల మీద ఉన్నప్పుడే కొలవాలి, జాకీల మీద కొలిస్తే ఆ లెక్క చెత్తబుట్టకే. స్ప్రింగుల బదులు గాలి నింపే ఎయిర్ బ్యాగులు పెడదామనుకునేవాళ్ళు ఇంకా జాగ్రత్త, షో కోసం నేలకి దించిన ఎత్తులో కాదు, రోడ్డు మీద నడిపే ఎత్తులో కోణం పెట్టాలి.

కింగ్‌పిన్ అన్నా, హౌసింగ్ ఊళ ఎప్పుడొస్తోంది? యాక్సిలరేటర్ తొక్కినప్పుడా, వదిలినప్పుడా, మలుపుల్లోనా?

కింగ్‌పిన్:
తొక్కినప్పుడు ఎక్కువ, వదిలితే తగ్గిపోతుంది. మలుపుల్లో తేడా లేదు.

లేత్‌షాపు:
అయితే వీల్ బేరింగ్ కాకపోవచ్చు, క్రౌన్-పినియన్ పళ్ళ మీదో, పినియన్ బేరింగ్ మీదో అనుమానం. విప్పే ముందే పళ్ళకి రంగు పూసి తిప్పి చూడండి, అచ్చు ఎక్కడ పడుతోందో ఫొటో తీసుకోండి. మార్చాల్సి వస్తే రెండూ జతగానే మార్చాలి. నా మాట వింటే, ఇక్కడ మాత్రం 9 అంగుళాల ఫోర్డ్ యాక్సిల్ పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. 1957 నుంచి 1986 దాకా వచ్చింది, మధ్య భాగం మొత్తం ముందువైపు నుంచి ఊడి వస్తుంది కాబట్టి బల్ల మీదే సెట్ చేసుకోవచ్చు. మీది ఓపెన్ షాఫ్ట్ కాబట్టి ఈ మార్పు సులువు. అదే 1948 ఫోర్డ్ అయితే టార్క్ ట్యూబు తీస్తే కారుని ముందుకి నెట్టే బలం ఎవరు మోయాలన్న ప్రశ్నతో వెనక సస్పెన్షన్ మొత్తం మార్చాల్సి వచ్చేది.

టాప్‌గేర్‌బ్రదర్:
బ్రేకుల గురించి ఎవరూ మాట్లాడరేంటి? ఒకే గది ఉన్న మాస్టర్ సిలిండర్, ఒక గొట్టం లీకైతే నాలుగు చక్రాలూ గోవిందా. దీన్ని కూడా "ఆ కాలపు అందం" అంటారా?

పాతఇనుము:
అనను. రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టించండి, ముందు డిస్కులు కూడా. ఫ్రేమ్ కోయకుండా బోల్టులతో కూర్చునే కిట్ అయితే నాకేం బాధ లేదు, రేపెవరైనా విప్పి డ్రమ్ములు పెట్టుకోవచ్చు. నా గొడవంతా తిరిగి అతికించలేని కోతల గురించే.

లేత్‌షాపు:
మాస్టర్ సిలిండర్ ఫ్లోర్ కిందే ఉంచితే ఒక మాట. అది డిస్కులని పట్టి ఆపే కాలిపర్ల కంటే కిందికి ఉంటుంది కాబట్టి ఆయిల్ వెనక్కి జారిపోతుంది. డిస్కుల లైనులో 2 పీఎస్ఐ, డ్రమ్ముల లైనులో 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వులు వేయాలి. మర్చిపోతే మొదటి తొక్కుడికి పెడల్ నేలకి పోతుంది, అప్పుడు డిస్కులనే తిడతారు.

కింగ్‌పిన్:
సరే, స్ప్రింగులు, స్పిండిల్, బ్రేకులు, వెనక యాక్సిల్ ముందు తేల్చేస్తా. ముందువైపు ఫ్రేమ్ మీద కోత పెట్టను. ఇంజిన్‌కి బ్లాక్ పరీక్ష. ఒకవేళ అది పగిలి ఉంటే? అప్పుడు 350కి ఓటేస్తారా పాతఇనుము గారూ?

పాతఇనుము:
వేయను :) 1949-53 ఫోర్డ్ బ్లాక్ ఒకటి వెతకండి. ఫోర్డ్‌దీ మెర్క్యురీదీ బోరు ఒకటే, 3 3/16 అంగుళాలు. తేడా అంతా స్ట్రోకులోనే, ఫోర్డ్‌ది 3¾, మీది 4 అంగుళాలు. మీ క్రాంకు బాగుంటే దాన్ని ఫోర్డ్ బ్లాక్‌లో పెడితే 239 క్యూబిక్ అంగుళాలు కాస్తా 255 అవుతాయి. పిస్టన్లు మాత్రం మెర్క్యురీవే వేయాలి, పిన్ ఎత్తు వేరు. క్రాంకు మీద కూడా పగుళ్ల పరీక్ష చేయించకుండా లేత్‌కి ఎక్కించకండి.