మీటర్‌లో వోల్టేజ్ వస్తోంది, రేడియేటర్ ఫ్యాన్ మాత్రం తిరగట్లేదు

కావలి_కారు:
అన్నలకు నమస్కారం. మాది కావలి. 2011 మోడల్ పెట్రోల్ కారు. నెలకోసారి అమ్మను నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోతాను. హైవే మీద టెంపరేచర్ ముల్లు సగం దాటదు. నెల్లూరులోకి దిగి ఆత్మకూరు బస్టాండ్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే చాలు, పైకి ఎక్కుతుంది. పోయిన వారం ఎర్ర గీత దాకా పోయింది. బండి పక్కకు తీసి ఆపేశాను. ఆ ఎండలో అమ్మను ఆటో ఎక్కించాల్సి వచ్చింది. ఆమె ఏమీ అనలేదు గానీ, నాకు రాత్రి దాకా మనసు మనసులో లేదు.

కూలెంట్ సరిపడా ఉంది. ఫ్యూజు బాగుంది. హారన్ రిలే (కరెంటు కలిపే చిన్న స్విచ్) అచ్చం ఫ్యాన్ రిలే లాంటిదే కాబట్టి దాన్ని తీసి ఫ్యాన్‌కి పెట్టి చూశాను, తేడా లేదు. ఏసీ వేస్తే ఫ్యాన్ తిరగాలి, అప్పుడూ కదలదు. ఇంజన్, ఏసీ ఆన్‌లో ఉంచి ఫ్యాన్ కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) ఊడదీసి మీటర్ పెడితే 13.8 వోల్టులు చూపిస్తోంది. మా మెకానిక్ "కరెంటు వస్తోంది కదా, మోటరే పోయింది" అన్నాడు. కానీ బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు ఇస్తే అదే మోటర్ గిర్రున తిరిగింది! మరి తేడా ఎక్కడ?

సింగరాయకొండ_బాబు:
మా బాబాయి బండికి డాష్‌బోర్డ్ కింద విడిగా స్విచ్ పెట్టించాం బ్రో. ట్రాఫిక్ రాగానే వేసుకోవడమే.

ఒంగోలు_ఆటో_ఎలక్ట్రీషియన్:
తమ్ముడూ, మోటర్ కొనొద్దు. స్విచ్ కూడా వద్దు. ఒక్కసారి వెయ్యడం మర్చిపోతే ఇంజన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ లోపలి సీలు) పోతుంది, ఆ ఖర్చు నీకెందుకు?

కప్లర్ ఊడదీసి చూసిన వోల్టేజ్‌ను నమ్మకూడదు. మీటర్ లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. మిద్దె మీద ట్యాంకు నిండా నీళ్లున్నా పైపులో పాచి పట్టిందనుకో, కుళాయి తిప్పితే సన్నగా కారుతుంది చూడు, ఇదీ అంతే. మోటర్ పది, పదిహేను ఆంపియర్లు అడిగేసరికి తుప్పు పట్టిన చోట వోల్టేజ్ అంతా ఆగిపోతుంది.

ఇలా చెయ్యి. కప్లర్ తగిలించే ఉంచు, ఏసీ వెయ్యి. మీటర్ ఒక పిన్ను ఫ్యాన్ నల్ల వైరుకి, రెండోది బ్యాటరీ మైనస్‌కి పెట్టు. అర వోల్టు కూడా రాకూడదు. ఎక్కువ వచ్చిందంటే దోషం ఎర్త్‌లోనే, అంటే మోటర్ నుంచి బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగి పోయే దారిలోనే. అక్కడ ఏమీ లేకపోతే ప్లస్ వైపు కూడా అలాగే చూడు, రిలే సాకెట్ కాలి ఉండొచ్చు. ఫ్యాన్ ఏ క్షణమైనా అందుకుంటుంది, చేతులు దూరంగా పెట్టుకో. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తియ్యొద్దు.

కావలి_కారు:
అన్నా, 9.6 వచ్చింది! నల్ల వైరు పట్టుకుని పోతే హెడ్‌లైట్ వెనక బాడీకి బిగించిన బోల్టు దగ్గర తేలింది. పైకి శుభ్రంగానే ఉంది. విప్పితే రింగు కింద పచ్చటి పొడి, రేకు మీద తుప్పు పొర. బ్యాటరీ మైనస్ తీసేసి, ఎమరీ పేపర్‌తో రేకు తెల్లగా మెరిసేదాకా రుద్ది, కొత్త రింగు వేసి బిగించా. ఇప్పుడు 0.1. ఇంజన్ ఆన్ చేసి ఇంటి ముందే ఇరవై నిమిషాలు నిలబెట్టా, ఏసీ లేకుండా ఫ్యాన్ రెండుసార్లు తనంతట తాను వచ్చి ఆగింది. ఆ శబ్దం వినడానికి అమ్మను కూడా బయటకు పిలిచా.

ఒంగోలు_ఆటో_ఎలక్ట్రీషియన్:
చాలా సంతోషం తమ్ముడూ. బోల్టు మీద కాస్త వాజలిన్ పుయ్యి. కొత్తపట్నం నుంచి వచ్చే బండ్లలో ఇదే చూస్తుంటాను, ఉప్పుగాలికి ముందు పోయేది ఎర్తే. అవతలి హెడ్‌లైట్ వెనక బోల్టు కూడా ఇవాళే విప్పి చూడు.