జీపు ఛాసిస్‌కు తుప్పు: అతుకు వేయించాలా, ఫ్రేమ్ మార్చాలా?

పలమనేరు జీపు:
మా నాన్నగారి కాలం నుండి ఇంట్లో ఉన్న మహీంద్రా జీపుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ గడువు దగ్గరపడింది. దామలచెరువు మార్కెట్టుకు మామిడికాయలు, తిరుగు ప్రయాణంలో ఎరువుల బస్తాలు మోసిన బండి ఇది. ఛాసిస్ ఫ్రేమ్ (బండి బరువంతా మోసే అడుగు చట్రం) మీద, వెనుక కమాన్ కట్టలు (పట్టీల స్ప్రింగులు) బిగించే బ్రాకెట్టు దగ్గర పెయింటు ఉబ్బి కనిపిస్తే సుత్తితో తట్టి చూశాను. మిగతా చోట్ల ఖంగుమన్న ఇనుము అక్కడ మాత్రం మొద్దుగా పలికింది; స్క్రూడ్రైవరు మొన నొక్కగానే లోపలికి దిగిపోయి, ఎర్రటి పెళ్లలు పొరలు పొరలుగా రాలాయి. పైన రేకు అతికించి నల్లరంగు కొట్టి ఇస్తామని ఒక షాపువారు అంటున్నారు. అది నిలుస్తుందా? చేయించినవారు దయచేసి చెప్పండి.

రేణిగుంట టింకరు:
నిలవదండీ. పుచ్చిన ఇనుము మీద రేకు వేస్తే రెండింటి మధ్య చెమ్మ చిక్కుకుని, కొత్త రేకును కూడా లోపలి నుండి తినేస్తుంది. పైగా వెల్డింగ్ పట్టడానికి అడుగున గట్టి లోహమే లేదు. మీ బండికి ఎరువుల బస్తాలు మోసిన చోటే తుప్పు పట్టడంలో ఆశ్చర్యం లేదు: పొటాష్ ఎరువులో ఉండేది క్లోరైడు లవణం, అది చెమ్మను పీల్చుకుని ఉప్పునీటిలాగే ఇనుమును తినేస్తుంది.

ముందుగా బ్యాటరీ తీగలు విప్పించండి. డీజిల్ ట్యాంకు, దగ్గరలోని బ్రేకు పైపులు తీయించండి. ఫ్రేమ్ కింద బలమైన స్టాండ్లు పెట్టి, ఒక మూల నుండి ఎదుటి మూలకు రెండు వైపులా టేపుతో కొలిచి, ఆ కొలతలు రాసి పెట్టుకోవాలి. పని ముగిశాక అవి మారితే ఫ్రేమ్ వంగినట్లే. తరువాత తెల్లగా మెరిసే మంచి ఇనుము కనిపించేదాకా, గుంట ఎంత పెద్దదైనా సరే, గ్రైండరుతో కోయించాలి. బేరం ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఇక్కడ మాత్రం రాజీపడకండి.

వేసే ప్లేటు పాత ఇనుమంత మందం ఉండాలి, దాని చివరలను ఏటవాలుగా కోయాలి. ఫ్రేమ్ పొడవునా ఉండే దూలానికి అడ్డంగా నిలువు గీతలా వెల్డింగ్ వేస్తే, తిరుమల ఘాట్ రోడ్డు లాంటి మలుపుల్లో ఫ్రేమ్ మెలిపడిన ప్రతిసారీ ఒత్తిడంతా ఆ గీత మీదే పడి, కొంతకాలానికి పగులు అక్కడే మొదలవుతుంది. పల్చబడిన ఇనుముకు సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ వాయువు వదులుతూ తీగతో వేసేది) మేలు. పొట్టి పొట్టి కుట్లుగా, ఒకచోట ఆరనిచ్చి మరోచోట వేయాలి. త్వరగా చల్లారాలని నీళ్లు పోయనివ్వకండి.

కట్టమంచి అంబాసిడర్:
టింకరు గారు చెప్పినది విడి ఫ్రేమ్ ఉన్న జీపులకు వర్తిస్తుంది. అంబాసిడర్, మారుతి 800 లాంటి వాటికి విడిగా ఫ్రేమ్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. తలుపుల కింది పెట్టె భాగం కోసేటప్పుడు తలుపు ఖాళీలో అడ్డుగా కమ్మీ బిగించకపోతే బాడీ కుంగిపోయి, ఆ తరువాత తలుపులు సరిగా పడవు. చెన్నై నుండి పాత కార్లు కొనే మన ప్రాంతంవారు సముద్రపు గాలి తిన్న బండిని పైరంగు చూసి కాకుండా, పిట్ (కిందికి దిగి చూసే గుంట) మీద నిలబెట్టి అడుగు చూసి తీసుకోవాలని నా మనవి.

పీలేరు లారీ:
రెండు విషయాలు చేరుస్తున్నాను. ఫ్రేమ్ మీద చెక్కిన ఛాసిస్ నంబరు దగ్గరికి గ్రైండరు పోనివ్వకండి. తనిఖీలో మొదట చూసేది అదే. పూర్తిగా ఫ్రేమ్ మార్చాలనుకుంటే ముందుగా రవాణా కార్యాలయంలో అడిగి, అనుమతి తీసుకున్నాకే పని మొదలుపెట్టండి. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ చెబుతోంది. అయినా స్టీరింగ్ బాక్సు బిగించే చోట కూడా తుప్పు తిని ఉంటే అతుకుల ఆలోచన మానుకోవడమే క్షేమం.

పలమనేరు జీపు:
స్టీరింగ్ వైపు తట్టి చూశాను, గట్టిగానే ఉంది. కోయించి అతుకు వేయించడానికే నిర్ణయించుకున్నాను. పని అయ్యాక అడుగున పాత ఇంజన్ ఆయిల్ కొట్టించమని మా ఊరిలో అంటున్నారు, అది మంచిదేనా?

రేణిగుంట టింకరు:
వద్దండీ. ఆ ఆయిల్ రబ్బరు బుష్‌లను ఉబ్బిస్తుంది, బ్రేకుల మీద పడితే ప్రమాదం. అతుకు మీద జింకు ప్రైమరు, దానిపైన ఎపాక్సీ రంగు వేయించండి. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే కొట్టి వదిలేస్తే చెమ్మను ఆపలేదు. వెల్డింగ్ వేడికి పెట్టెలా ఉండే దూలం లోపలి పూత కాలిపోతుంది కనుక, అంతా చల్లారిన తరువాత పొడవాటి గొట్టంతో లోపలికి మైనం స్ప్రే చేయించాలి. మన వైపు అక్టోబరు నుండి డిసెంబరు దాకా వానలు ఎక్కువ కాబట్టి, ఆ లోపే ఫ్రేమ్ అడుగున నీరు కారే రంధ్రాల్లోని మట్టిని తీగతో పొడిచి తీయించండి. మీ దూలం లోపలి నుండి పుచ్చిందంటే అవి ఎప్పుడో పూడిపోయి ఉంటాయి.