మ్యూరియల్ స్పార్క్ నవలల్లో ముందు ఏది చదవాలి?

మారతహళ్లి రీడర్: చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల షాపులో స్కాటిష్ రచయిత్రి స్పార్క్ నవలలు కనబడ్డాయండి, అన్నీ సన్నగానే ఉన్నాయి, ఏది తీసుకోమంటారు?

వైట్‌ఫీల్డ్ వాణి: కళ్లు మూసుకుని ‘ది ప్రైమ్ ఆఫ్ మిస్ జీన్ బ్రోడీ’ తీసుకోండి, 1961ది. ఎడిన్‌బరోలో స్పార్క్‌కి చదువు చెప్పిన క్రిస్టినా కే టీచరే అందులో బ్రోడీ టీచర్ పాత్రకి మూలం. మేరీ అనే పిల్ల 23 ఏళ్లకే హోటల్ మంటల్లో పోతుందని స్పార్క్ మొదట్లోనే చెప్పేస్తుంది, ఇక క్లాసులో ఆ పిల్లని ఎవరు కసిరినా మన ప్రాణం ఉసూరుమంటుంది.

జయనగర్ శ్రీను: నాకైతే 1959లో వచ్చిన ‘మెమెంటో మోరి’ ఇంకా ఇష్టం. ముసలాళ్లకి ఎవరో ఫోన్ చేసి చావు తప్పదు గుర్తుపెట్టుకో అని పెట్టేస్తుంటారు, దానికి ఒక్కొక్కళ్లు ఒక్కోలా బెదురుతారు, ఆ మనుషుల తీరుని ఆవిడ పట్టుకోవడం ఉంది చూశారూ, అబ్బ! 1957లో మొదటి నవల వచ్చేసరికే ఆవిడకి నలభై దగ్గరపడ్డాయి.

మారతహళ్లి రీడర్: అయితే రెండూ తెచ్చేసుకుంటానండీ, బ్రోడీతో మొదలెడతా.