సమస్యాపూరణం: "బంతి ముట్టని వనిత వే బరులు గెలిచె"

నిర్వాహకులు:

మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం.

బంతి ముట్టని వనిత వే బరులు గెలిచె

విషయం కూడా నేనే ఇస్తున్నాను, దత్తపదిలా అనుకోండి. అమెరికాలో టెనెసీ విశ్వవిద్యాలయం మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకు 1974 నుంచి 2012 దాకా కోచ్‌గా ఉన్న ప్యాట్ సమిట్ మీద పూరించాలి. 1098 గెలుపులు, 208 ఓటములు. ఆమె పదవి విడిచేనాటికి అక్కడి అగ్రశ్రేణి కళాశాలల జట్లలో, మగవాళ్ల కోచ్‌లను కలుపుకున్నా, ఆమె గెలిచినన్ని ఆటలు గెలిచినవారు లేరు. బంతి ముట్టకుండా వేయి బరులు గెలవడం ఎలా సాధ్యమో పద్యంలో విప్పి చెప్పాలి. గణాలు, యతి సరిపోతే చాలదు. చిక్కు విడిపోవాలి.

తెనాలి మాస్టారు:

రెండు పదులపై రెండేండ్లు నిండినపుడె
జట్టు పగ్గాలు చేపట్టి, చదువు నేర్పి,
గీత వెలుపల నిలిచి తాఁ గినిసి చూచి
బంతి ముట్టని వనిత వే బరులు గెలిచె

సహాయకురాలిగా చేరబోయిన పిల్లకు, ఉన్న కోచ్ తప్పుకోవడంతో జట్టంతా అప్పజెప్పారు. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లే. జట్టులో కొందరు అమ్మాయిలు దాదాపు ఆమె ఈడువాళ్లే.

నిర్వాహకులు:

మాస్టారూ, మొదటి పాదంలో "రెండు – నిండి" ప్రాసయతి హాయిగా ఉంది. "చదువు నేర్పి" అన్నది పాదపూరణం కోసం వేసిన మాటేమో అనుకున్నాను, కాదు. ఆమె దగ్గర నాలుగేళ్లూ పూర్తిగా ఆడిన ప్రతి అమ్మాయీ పట్టా పుచ్చుకునే బయటికి వచ్చింది. తరగతిలో మొదటి మూడు వరసల్లోనే కూర్చోవాలి, క్లాసు ఎగ్గొట్టకూడదు అని ఆమె నియమం. సందేహమంతా "కినిసి" మీద. కోపంతో వేయి గెలుపులు వస్తాయా?

తెనాలి మాస్టారు:

ముప్పై ఏళ్లు పి.ఇ.టి.గా చేశాను బాబూ, ఆ చూపు నాకు తెలుసు. ఒకచోట మా బడికి ఉన్నవి రెండే బంతులు. మగపిల్లల ఆట అయ్యాక మిగిలిన అరగంటే ఆడపిల్లలది. వాన వెలిసిన ప్రతిసారీ సున్నం డబ్బా పట్టుకుని గీతలు మళ్లీ గీసేవాణ్ణి. ఒక పిల్ల రింగ్ కింద ఖాళీగా ఉన్న స్నేహితురాలిని చూసి కూడా బంతి ఇవ్వకుండా తనే వేయబోతే, నేను నోరెత్తేవాణ్ణి కాదు, చూసేవాణ్ణి అంతే. మర్నాడు అదే పిల్ల బంతి అందించేది. నువ్వు ఇంతకన్నా బాగా ఆడగలవని తెలిసి చూసే చూపు అది. దానికి తెలుగులో ఒక్క మాట దొరక్క, "గీత"కు యతి కుదిరే "కినిసి" వేశాను.

టెనెసీ చెల్లెమ్మ:

మాస్టారు గారికి నమస్కారాలు. ఇక్కడ ఆ చూపు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారండీ. అరుపుకన్నా చూపుకే ఎక్కువ భయపడేవాళ్లమని ఆమె దగ్గర ఆడినవాళ్లు అంటారు. కాబట్టి నా ఓటు "కినిసి"కే. నా పూరణ:

బండి నడిపెను, జట్టుకై బట్టలుతికె,
నెలకు నిన్నూట యేఁబది నిచ్చు జీత
మునకె మొదలిడి ముప్పదియెనిమిదేండ్లు
బంతి ముట్టని వనిత వే బరులు గెలిచె

మొదట్లో ఆమెకు నెలకు 250 డాలర్లు ఇచ్చేవారు. వాన్ తనే నడిపేది. పిల్లల యూనిఫారాలు తనే ఉతికేది. ఆ యూనిఫారాలైనా అంతకుముందు ఏడాది డోనట్లు అమ్మిన డబ్బుతో కొన్నవట. బయటి ఊరు ఆటకు వెళ్తే హోటల్ ఖర్చు భరించలేక ఎదుటివాళ్ల జిమ్‌లోనే చాపల మీద పడుకున్న రాత్రులూ ఉన్నాయి.

నిర్వాహకులు:

చెల్లెమ్మా, ఈ పద్యం చదివి కాసేపు ఆగిపోయాను. "జీత / మునకె" అని మాట పాదం దాటి విరగడం కొందరికి నచ్చకపోవచ్చు, నాకు నచ్చింది. నెలాఖరు దాకా సాగని జీతం లాగే ఆ పాదం కూడా మధ్యలోనే తెగింది. "మునకె – యెనిమి" ప్రాసయతి. వెతికి పెట్టినట్టు లేదు, దానంతటదే వచ్చి కూర్చుంది. పద్యానికి ఊపిరి మాత్రం "బట్టలుతికె"లో ఉంది. ఆటగత్తెల చెమట తన చేతులతో ఉతికిన మనిషి అని చెప్పాక, బంతి ముట్టలేదంటే ఇక చిక్కేముంది?

చట్టం సంగతి కూడా తలుచుకోవాలి. చదువులో ఆడా మగా తేడా చూపరాదన్న టైటిల్ నైన్ వచ్చింది 1972లో. ఈమె కోచ్ అయింది రెండేళ్లకు. కళాశాలల క్రీడాసంఘం ఎన్.సి.ఎ.ఎ. మహిళలకు బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ పెట్టింది 1982లో. చట్టం వచ్చిన తరువాత కూడా డోనట్లు అమ్మాల్సి వచ్చిందన్నది మరిచిపోకూడదు.

ఓరుగల్లు తమ్ముడు:

అన్నా, పద్యం రాయడం మొదలుపెట్టి నాలుగు నెలలే. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

అన్నలను మించి యటకపై నాడి నేర్చి
ఒక్క పాయింటు తేడాన నోడె మొదట;
అయిన వెనుదీయలేదామె ధైర్యశాలి,
బంతి ముట్టని వనిత వే బరులు గెలిచె

వాళ్లది పాడి, పొలం ఉన్న ఇల్లు. గడ్డి నిలవ చేసే అటక మీద రాత్రుళ్లు అన్నలతో ఇద్దరిద్దరుగా జట్టుకట్టి ఆడేది. చదివే ఊళ్లో ఆడపిల్లలకు జట్టు లేదని, జట్టున్న ప్రాంతానికి తండ్రి ఇల్లే మార్చాడు. కోచ్‌గా ఆమె మొదటి ఆట 1974 డిసెంబరులో మెర్సర్ జట్టుతో. 84–83తో ఓడింది.

తెనాలి మాస్టారు:

బాబూ, మొదటి రెండు పాదాలూ బాగున్నాయి. "పాయింటు" అన్యదేశ్యమే అయినా ఆట మాట, ఉండనీ. "ఒక్క – ఓడె" స్వరయతి సరిపోయింది. మూడో పాదంలో యతి తప్పింది. "అయిన"లో అకారం, "ధైర్య"లో ధకారం. ఈ రెంటికీ మైత్రి లేదు. "నేర్చి" తరువాత "ఒక్క" అని అచ్చుతో పాదం ఎత్తుకున్నావు, "యొక్క" అంటే సంధి నిలుస్తుంది.

నిర్వాహకులు:

మాస్టారు చెప్పింది ఛందస్సు. నాకు కనిపించేది అన్వయంలో లోటు, అది ఇంకా పెద్దది. తమ్ముడూ, మొదటి పాదంలో ఆమె అటకపై ఆడి నేర్చింది అన్నావు. నాలుగో పాదంలో బంతి ముట్టనిది అయింది. మరి అటక మీద దేనితో ఆడింది? ఆమె ఆటగత్తె కూడా. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో అమెరికా జట్టులో ఆడి వెండి పతకం తెచ్చింది. 1984 లాస్ ఏంజెలెస్‌లో అదే దేశానికి కోచ్‌గా బంగారం తెచ్చింది. ఆ వెండికి బంతి ముట్టింది, ఈ బంగారానికి ముట్టలేదు. ఆడిన మనిషి ఎప్పుడు ఆడని మనిషి అయిందో ఒక్క మాట పద్యంలో పడితే విరోధం పోతుంది. "ధైర్యశాలి" ఆ పని చెయ్యదు, ఎవరికైనా అతుకుతుంది. దాన్ని తీసేసి, ఆమె గురువు అయిందని చెప్పే మాట వెతుకు. తెలుగులో చిన్నమాట ఉంది. నేను చెప్పను.

విశాఖ అన్నగారు:

టెనెసీ జట్టు రంగు నారింజ, అచ్చం మన ముద్దబంతి. ఆ దారిలో వెళ్లాను.

బంతిపూ వన్నె దుస్తుల పడతులాడ
నెనిమిదగు పట్టములు గాంచి యెల్ల జగతి
మెచ్చ గట్టున నుండియె మెలకువలిడి
బంతి ముట్టని వనిత వే బరులు గెలిచె

నిర్వాహకులు:

బంతిపూవుతో ఎత్తుకుని బంతితో ముగించారు, ముచ్చటగా ఉంది. గట్టున నిలబడి మెలకువలు చెప్పడం మన మాటే. ఎనిమిది పట్టములూ (జాతీయ టోర్నమెంట్ విజయాలు) నిజం: 1987, 1989, 1991, 1996, 1997, 1998, 2007, 2008. ఒక్క మాట అంటాను, చనువు కొద్దీ. "ఎల్ల జగతి మెచ్చ" అన్నప్పుడు పద్యం మెత్తబడింది. ఆ ఎనిమిదింటిలోనే మీకు కావలసిన కథ ఉంది. 1998లో 39 ఆటలాడి 39 గెలిచారు, సరే. దానికి ముందు ఏడాది పది ఆటలు ఓడి కూడా పట్టం కట్టుకున్నారు. నన్నడిగితే 1997దే గొప్ప. పదిసార్లు ఓడిన పిల్లలను, జాతీయ టోర్నమెంట్ జరిగే మార్చి నెలకు నిలబెట్టడం గట్టున ఉన్న మనిషి పనే. రెండో పాదం అటు తిప్పి చూడండి.

అందరివీ దిద్దుతున్నాను కదా, నాదీ దిద్దండి:

కడుపు నొప్పులు వచ్చినఁ గదలి వెళ్లి
పిల్లయొకతెను జట్టుకుఁ బిలిచి వచ్చె,
ఇంటి గడ్డపైఁ గొడుకును నెత్తుకొనియె,
బంతి ముట్టని వనిత వే బరులు గెలిచె

1990లో నిండు గర్భిణిగా ఒక అమ్మాయిని జట్టులోకి పిలవడానికి విమానంలో పెన్సిల్వేనియా వెళ్లింది. నొప్పులు మొదలైనా ఆ ఇంట్లో కూర్చుని మాట్లాడవలసింది మాట్లాడింది. తిరుగు ప్రయాణంలో వర్జీనియాలో దించుతామని పైలట్లు అంటే ఒప్పుకోలేదు. బిడ్డ టెనెసీలోనే పుట్టాలంది, పుట్టాడు. ఆ ఏడు వసంతంలో తన జట్టును ఓడించింది వర్జీనియానే మరి! ఆ అమ్మాయి మిషెల్ మార్సినియాక్ ముందు వేరే కళాశాలకు వెళ్లి, తరువాత టెనెసీకి వచ్చి, 1996 పట్టంలో ముందు నిలిచింది.

తెనాలి మాస్టారు:

కథ బాగుంది, పద్యంలో కథ సగమే వచ్చింది. మూడో పాదానికీ నాలుగో పాదానికీ లంకె లేదు. కొడుకును ఎత్తుకున్నందుకు ఆటలు గెలిచిందా? తమ్ముడికి చెప్పిన న్యాయమే మీకూ.

నిర్వాహకులు:

నిజమే మాస్టారూ. ఒప్పుకుంటున్నాను. మళ్లీ రాస్తాను.

బెంగళూరు అమ్మ:

మా వారికి మతిమరుపు జబ్బు. నాలుగేళ్లయింది. నా పేరు కొన్ని రోజులు గుర్తుంటుంది, కొన్ని రోజులు ఉండదు. పంచె కుచ్చిళ్లు మాత్రం ఇప్పటికీ ఒక్క మడత తప్పకుండా పెట్టుకుంటారు. వేళ్లు మర్చిపోవు. ఈమెకూ ఆ జబ్బేనని తెలిసి రాశాను.

మఱపు తెరలోనఁ దన పేరు మఱుగుపడిన
శిష్యురాండ్ర చేతులలోనఁ జెదర దాట;
పంచి యిచ్చిన యొడుపులే బలముగాఁగ
బంతి ముట్టని వనిత వే బరులు గెలిచె

నిర్వాహకులు:

అమ్మా, దీనికి యతులు, గణాలు లెక్కపెట్టబుద్ధి కాలేదు. అయినా లెక్కపెట్టాను, అన్నీ సరిపోయాయి. 2011 ఆగస్టులో, 59వ ఏట, అల్జైమర్స్ వచ్చిందని ఆమె తనే లోకానికి చెప్పింది. చెప్పి ఇంటికి వెళ్లలేదు, మరో సీజన్ కోర్టు పక్కనే నిలబడింది. 2012లో తప్పుకుంటే ఆ చోటికి వచ్చింది హాలీ వార్లిక్. ఒకప్పుడు ఆమె దగ్గర ఆడిన పిల్లే, తరువాత ఏళ్ల తరబడి ఆమె పక్కన సహాయకురాలు. 2016 జూన్ 28న, 64 ఏళ్లకు ఆమె పోయింది. "శిష్యురాండ్ర చేతులలోన" అని మీరన్నది అలంకారం కాదు, జరిగిన సంగతి.

ఒక్క సవరణ అడుగుతాను. "తన పేరు మఱుగుపడిన" అన్నారు. పేరు మరుగుపడలేదమ్మా. ఆ కోర్టుకే ఆమె పేరు పెట్టారు, ఆమె ఇంకా కోచ్‌గా ఉండగానే. మరుగైంది ఆమె గడిపిన రోజులు. "దన నాళ్లు" అంటే గణం చెడదు.

బెంగళూరు అమ్మ:

"నాళ్లు" బాగుంది నాయనా. మార్చుకుంటున్నాను. ఆయనకు చదివి వినిపించాను. అర్థమైందో లేదో తెలీదు గానీ, "బట్టలుతికె" పద్యం రెండోసారి చదవమన్నారు.

ఓరుగల్లు తమ్ముడు:

అన్నా, ఆ మాట దొరికింది. మా నాయనమ్మ బడిపంతుల్ని ఒజ్జ అనేది.

అన్నలను మించి యటకపై నాడి నేర్చి
యొక్క పాయింటు తేడాన నోడె మొదట;
అయిన వెనుదీయ కొజ్జయై యడుగులిడుచు
బంతి ముట్టని వనిత వే బరులు గెలిచె

తెనాలి మాస్టారు:

"అయిన – అడుగు" స్వరయతి కుదిరింది. చిక్కూ విడిపోయింది. శభాష్ రా తమ్ముడూ.