పాత స్టెయిన్‌లెస్ రివాల్వర్‌కి పాలిష్ పెట్టొచ్చా, పెట్టకూడదా?

డల్లాస్_వాసి: పోయిన వారం ఇక్కడ గన్ షోలో స్మిత్ అండ్ వెసన్ మోడల్ 60 కొన్నాను. .38 స్పెషల్ తూటాలది, ఐదు గుళ్ల సిలిండర్. సిలిండర్ పక్కకి తీస్తే ఫ్రేమ్ లోపలివైపు 60 అని మాత్రమే ఉంది, డాష్ నంబరు (డిజైన్ మారినప్పుడు 60-1 లాగా చేర్చే అంకె) లేదు. పైగా అద్దంలా మెరుస్తోంది. 1965లో ఈ మోడల్ మొదలైనప్పుడు మెరుగు పెట్టిన ఫినిష్‌తో వచ్చిందని, మెరుపు తక్కువగా ఉండే శాటిన్ ఫినిష్ తర్వాత వచ్చిందని చదివాను. అందుకే నాలుగు డాలర్లు ఎక్కువైనా వెనకాడలేదు. సిలిండర్ చుట్టూ సన్నటి గీత పడింది. దీనికి పూత లేదు కదా, పాలిష్‌తో రుద్దితే పోతుంది. చేయొచ్చా?

హ్యూస్టన్_తమ్ముడు: హాయిగా చేయండి అన్నా. చెమటకి, ఉప్పుగాలికి తట్టుకోవాలనే స్టెయిన్‌లెస్‌తో చేశారు. బ్లూయింగ్ (మామూలు ఉక్కుకి ఎక్కించే నీలి నలుపు రంగు) అయితే రుద్దితే పోతుంది, ఇది లోపలిదాకా ఒకటే లోహం. అదే కంపెనీ స్టెయిన్‌లెస్ రివాల్వర్, నా మోడల్ 66ని నేను ఏటా మెరిపిస్తాను. మన వస్తువు మన కంటికి బాగుండాలి.

పాతఇనుము: దయచేసి చేయకండి. పూతే లేదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. మొదట్లో హ్యామర్, ట్రిగ్గర్ కూడా స్టెయిన్‌లెస్‌తోనే చేశారు. తర్వాత వాటిని మామూలు ఉక్కుతో చేసి, పైన పలచగా క్రోమ్ వేశారు. రుద్దితే ఆ క్రోమ్ పోతుంది, కింద ఉక్కు తుప్పు పడుతుంది.

అసలు బాధ వేరే ఉంది. బ్లూయింగ్ తుపాకీకి ఎవరైనా మళ్లీ రంగెక్కిస్తే తేడా కనిపెట్టొచ్చు. స్టెయిన్‌లెస్‌లో శాటిన్‌ని ఓ సాయంత్రంలో అద్దం చేయొచ్చు. అందుకే మెరుపు చూసి ఏ కాలానిదో చెప్పకూడదు. డాష్ లేకపోవడమూ చాలదు, డాష్ లేని మోడల్ 60లు 1980ల్లో కూడా తయారయ్యాయి.

ఖాళీగా ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకుని, ఈ మూడూ చూడండి. బ్యారెల్ ఫ్రేమ్‌లోకి దిగేచోట, పైభాగాన అడ్డంగా సన్నటి పిన్ ఉందా? 1982లో కంపెనీ ఆ పిన్ మానేసింది. రెండోది, కుడివైపు సైడ్‌ప్లేట్ (లోపలి భాగాలను కప్పే పలక) అతుకు మీద గోరు నడపండి. ఫ్యాక్టరీ పనిలో అతుకు వెంట్రుకలా ఉంటుంది, గోరుకి తగలదు. తిరిగే చక్రం మీద పాలిష్ పట్టిస్తే అంచులు గుండ్రమై సన్నటి కాలువ పడుతుంది. మూడోది, ఫ్రేమ్ మీద కంపెనీ అప్పటి ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్ అని ఉన్న అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, కరిగిన మైనంలా ఉన్నాయా?

హ్యూస్టన్_తమ్ముడు: మీరు చెప్పేది చక్రం సంగతి. చేత్తో గుడ్డ పెట్టి రుద్దితే అంచులు అరగవు కదా?

పాతఇనుము: ఒక్కసారికి అరగవు. ఏటా రుద్దితే ఇరవై ఏళ్లకి ఎంత పోతుందో మీరే లెక్కేయండి. మీ 66 ఏ డాష్‌ది? తొలి 66లకి గురి చూసే సైట్లు కూడా స్టెయిన్‌లెస్‌వే, ఎండలో మెరుస్తున్నాయని నల్లవి పెట్టారు. 66-1లో గ్యాస్ రింగ్ (పేలుడు వాయువుని అడ్డుకునే చిన్న రింగ్) యోక్ మీద నుంచి, అంటే సిలిండర్‌ని పక్కకి తిప్పే చేయి మీద నుంచి, సిలిండర్ మీదకి మారింది. ఆ తేడాలు భాగాల్లో ఉన్నాయి గనుక మీకు దిగుల్లేదు. 60లో అందరూ చూసే తేడా మెరుపే, దాన్ని ఎవరైనా తెచ్చిపెట్టగలరు.

డల్లాస్_వాసి: ఇప్పుడే చూశాను. పిన్ లేదు, ఆ చోటు నున్నగా ఉంది. అతుకు దగ్గర గోరు ఆగుతోంది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మొదటి అక్షరం సగం చెరిగిపోయినట్టుంది. అంటే 1982 తర్వాతది, శాటిన్‌ని ఎవరో మెరిపించారు. రాత్రంతా నిద్ర పట్టేలా లేదు. మళ్లీ శాటిన్ చేయించనా?

హ్యూస్టన్_తమ్ముడు: చేయించండి అన్నా, ఎలా పుట్టిందో అలా అవుతుంది.

పాతఇనుము: పైకి అలా కనిపిస్తుంది, కానీ అరిగిన అక్షరాలు తిరిగి రావు. దాన్ని అలాగే ఉంచి, నూనె గుడ్డతో తుడిచి పెట్టుకోండి. ఎప్పుడైనా అమ్మితే పాలిష్ చేసిందని కాగితం మీద రాసి ఇవ్వండి. మీకు అమ్మినవాళ్లు ఆ మాట చెప్పి ఉంటే మీకీ ఖర్చు తప్పేది.