లూకాను వదిలేసిన టీమ్‌లను ఇప్పుడు తిట్టడం న్యాయమేనా?

ఇర్వింగ్ బాబాయ్:

ఏటా జూన్‌లో ఇదే గోల. ఎన్‌బీఏ డ్రాఫ్ట్ దగ్గర పడగానే ఎవరో ఒకరు 2018 లిస్టు తెచ్చి పెడతారు, ఇక లూకా డాన్చిచ్‌ను వదిలేశారని ఫీనిక్స్‌నీ శాక్రమెంటోనీ ఉతికి ఆరేస్తారు. కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. ఎన్‌బీఏ అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్, డ్రాఫ్ట్ అంటే టీమ్‌లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకోవడం, ఒక్కో వంతు ఒక పిక్. ఆ ఏడు జూన్ 21న బ్రూక్లిన్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ ఫీనిక్స్ సన్స్‌ది, డియాండ్రే ఏటన్‌ను తీసుకున్నారు. రెండోది శాక్రమెంటో కింగ్స్‌ది, మార్విన్ బ్యాగ్లీని తీసుకున్నారు. మూడో పిక్‌తో అట్లాంటా లూకా డాన్చిచ్‌ను తీసుకుని ఆ రాత్రే మా డల్లాస్‌కు ఇచ్చేసింది. బదులుగా ఐదో పిక్ ట్రే యంగ్‌ను, మరుసటి ఏడాది మొదటి రౌండ్ పిక్‌ను పుచ్చుకుంది.

నా వాదన ఒక్కటే. కుర్రాడు తర్వాత ఎలా తేలాడో చూసి పిక్‌కు మార్కులు వేయడమంటే, జరిగిపోయాక జాతకం చెప్పడమే. ఆ సాయంత్రానికి టీమ్ చేతిలో ఏ సమాచారం ఉంది, దాన్ని పట్టించుకున్నారా లేదా, అంతవరకే అడగాలి. అలా చూస్తే ఫీనిక్స్‌ను క్షమించవచ్చు. శాక్రమెంటోను క్షమించడానికి నాకు కారణం దొరకడం లేదు.

ఏటన్ దాదాపు ఏడడుగుల మనిషి. అదే రాష్ట్రంలో, యూనివర్సిటీ ఆఫ్ అరిజోనాలో ఆడినవాడు. ఒక్క సీజన్‌లో సగటున 20 పాయింట్లు, 11కు పైగా రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని అందుకోవడం). సన్స్ చూస్తే ఆ ఏడు 82 మ్యాచుల్లో 21 గెలిచి లీగ్‌లో అట్టడుగున ఉన్నారు. స్కోరు చేయడానికి డెవిన్ బుకర్ ఉన్నాడు, బాస్కెట్ కింద పదేళ్లు నమ్ముకోదగ్గ కుర్ర సెంటర్ లేడు. ఏటన్ మొదటి ఏడే సగటున 16.3 పాయింట్లు, 10.3 రీబౌండ్లు తెచ్చాడు. మూడో ఏడు టీమ్ ఫైనల్స్ ఆడింది. పక్కన ఇంకా మంచి పిక్ ఉన్నంత మాత్రాన ఇది చెడ్డ పిక్ అయిపోదు.

కింగ్స్ సంగతి వేరు. డ్యూక్ యూనివర్సిటీలో బ్యాగ్లీ బాగానే ఆడాడు, కాదనను. కానీ అప్పటికి లూకా చరిత్ర చూడండి. 16 ఏళ్లకే రియల్ మాడ్రిడ్ సీనియర్ బాస్కెట్‌బాల్ టీమ్. 2017లో, 18 ఏళ్లకు, స్లొవేనియాతో యూరోబాస్కెట్ (యూరప్ దేశాల పోటీ) బంగారు పతకం. 2018 మేలో యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ యూరోలీగ్ టైటిల్, దాంతో పాటు సీజన్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు), చివరి నాలుగు టీమ్‌ల ఫైనల్ ఫోర్ ఎంవీపీ రెండూ. అమెరికా కాలేజీలో తోటి కుర్రాళ్ల మీద కాదు, 30 ఏళ్లు దాటిన ప్రొఫెషనల్స్ మీద గెలిచాడు. ఇవేమీ ఎవరో దాచిపెట్టిన వివరాలు కావు. పైగా కింగ్స్ జనరల్ మేనేజర్ వ్లాదే దివాచ్ సెర్బియా మనిషి, 1989లో తనే యూరప్ నుంచి 26వ పిక్‌గా వచ్చినవాడు. ఆ లీగ్ ఎంత గట్టిదో ఆయనకు ఇంకొకరు చెప్పాలా?

కింగ్స్ బాధితుడు:

నా పేరులోనే నా గోడు ఉంది, అయినా మా టీమ్ తరఫున నాలుగు మాటలు చెప్పాలి.

బాబాయ్ గారూ, మీరు డిఆరన్ ఫాక్స్ ఊసే ఎత్తలేదు. అంతకు ముందు ఏడాదే ఐదో పిక్‌తో తెచ్చుకున్నాం. బంతి చేతిలో ఉంటేనే ఫాక్స్ ఆట, లూకా ఆటా అంతే. ఫాక్స్‌కు తోడుగా పరిగెత్తే పెద్ద ప్లేయర్ కావాలనుకోవడంలో తప్పేముంది? మొదటి ఏడు బ్యాగ్లీ 62 మ్యాచుల్లో సగటున 14.9 పాయింట్లు చేశాడు. అప్పుడు ఎవరూ బస్ట్ (పనికిరాని పిక్) అనలేదు. రెండో సీజన్‌లో గాయాలతో 13 మ్యాచులే ఆడాడు. 2022 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌కు పంపేశాం. గాయాలు ఆ సాయంత్రం బల్ల మీద ఉన్నాయా? మీ రూల్ ప్రకారమే చెప్పండి.

ఇంకో మంట కూడా ఉంది. ఆ ఏడు పిక్‌ల వరస తేల్చే లాటరీలో మేం ఏడో స్థానంలో ఉండాల్సినవాళ్లం, బంతులు కలిసొచ్చి రెండోకి ఎగబాకాం. అదృష్టం తలుపు తట్టింది, మేం తీసి లోపలికి రానిచ్చాం కూడా. ఆ తర్వాతే మా ఖర్మ మొదలైంది. 2006 తర్వాత మళ్లీ ప్లేఆఫ్స్ మొహం చూసింది 2023లో.

ఫీనిక్స్ ఎండ:

బాబాయ్, మా వాళ్లను క్షమించడానికి మీరెవరు? మేమే క్షమించలేదు.

మీ రూల్ పట్టుకునే మాట్లాడదాం. చేతిలో ఉన్న సమాచారమే కొలత అన్నారు కదా. 2018 మేలో సన్స్ కొత్త కోచ్‌ను తెచ్చుకున్నారు, ఇగోర్ కోకోష్కోవ్. ఆయన ఎవరు? 2017 యూరోబాస్కెట్‌లో స్లొవేనియా కోచ్. అంటే లూకా బంగారు పతకం గెలిచినప్పుడు పక్కన నిలబడి టైమ్‌అవుట్‌లో బోర్డు మీద గీతలు గీసినాయన. ప్రాక్టీసులో ఎలా ఉంటాడు, అలిసిపోతే ఏం చేస్తాడు, ఓడిపోతుంటే ఎవరి మీద అరుస్తాడు, ఇవన్నీ మిగతా 29 టీమ్‌ల కంటే మా ఆఫీసులో కూర్చున్న మనిషికే ఎక్కువ తెలుసు. అలాంటి మనిషికి జీతమిస్తూ ఏటన్‌ను తీసుకున్నారు. దివాచ్ కంటే మా వాళ్లదే పెద్ద నేరం. ఆ కోచ్‌ను కూడా ఒక్క సీజన్‌కే ఇంటికి పంపారు, 19 గెలుపులు, 63 ఓటములు.

డ్రాఫ్ట్ చేసిన జనరల్ మేనేజర్ ఆ అక్టోబరుకే పోయాడనుకోండి. కానీ పిక్ పోలేదు కదా, మా నెత్తినే ఉంది.

చాండ్లర్ చిన్నోడు:

అన్నా, మనిద్దరిదీ ఒకే టీమ్, అయినా ఇక్కడ నీ మాట ఒప్పుకోను. 2021 జూన్ 22 రాత్రి నువ్వు కూడా ఎగిరి గంతేసుంటావు, ఇప్పుడు ఏటన్‌ను అలా తీసిపారేయకు.

చూడనివాళ్ల కోసం: వెస్ట్ ఫైనల్స్ (లీగ్ పడమటి సగానికి ఫైనల్) రెండో మ్యాచ్, క్లిప్పర్స్ మీద. ఒక్క పాయింటు వెనక ఉన్నాం, గడియారంలో 0.9 సెకను. జే క్రౌడర్ లైన్ బయట నుంచి బంతిని సరిగ్గా రింగ్ మీదికి వేశాడు. బుకర్ వెళ్లి క్లిప్పర్స్ సెంటర్‌కు అడ్డంగా నిలబడ్డాడు. ఏటన్ ఒక్క ఉదుటున లేచి దాన్ని గాల్లోనే పట్టి లోపలికి కొట్టాడు. 104-103. మామూలుగా రింగ్ పైన ఉన్న బంతిని ముట్టుకుంటే బాస్కెట్ చెల్లదు. కానీ బయట నుంచి విసిరిన బంతి నేరుగా పడినా పాయింట్ రాదు కాబట్టి, ఆ పాస్‌ను రింగ్ మీద ముట్టుకోవచ్చు. రూల్‌లోని ఆ సందును వాడుకుని వేసిన ప్లే అది. దాన్ని పూర్తి చేయడానికి అంత ఎత్తు, అంత మెత్తటి చెయ్యి ఉన్న మనిషి కావాలి. ఆ ఏడు ఫైనల్స్‌లో మిల్వాకీ చేతిలో 4-2తో ఓడాం, నిజమే. కానీ 1993 తర్వాత ఫైనల్స్ దాకా వెళ్లడం అదే మొదటిసారి.

ఫీనిక్స్ ఎండ:

తమ్ముడూ, 0.9 సెకను గుర్తుంది సరే. 2022 మే 15 గుర్తుందా? ఆ సీజన్‌లో మనం 64 మ్యాచులు గెలిచాం, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. రెండో రౌండ్‌లో డల్లాస్ మీద ఏడో మ్యాచ్, అదీ మన ఊళ్లోనే. హాఫ్ టైమ్‌కు స్కోరు 57-27. ఆ హాఫ్‌లో లూకా ఒక్కడి పాయింట్లు ఎన్నో తెలుసా? 27. మన టీమ్ మొత్తానికీ ఎన్నో, అతనొక్కడికీ అన్ని. ఏటన్‌ను కోచ్ 17 నిమిషాలే ఆడించి కూర్చోబెట్టాడు, 5 పాయింట్లు. మొదటి పిక్, మూడో పిక్ ఒకే కోర్టు మీద ఉంటే అలా ఉంది.

ఆ వేసవిలో ఇండియానా నాలుగేళ్లకు 13 కోట్ల 30 లక్షల డాలర్ల ఆఫర్ పెడితే, పోనివ్వలేక మన వాళ్లు అంతే ఇచ్చి ఉంచుకున్నారు. ఏడాది తిరక్కుండా, కాదు, ఏడాది మీద రెండు నెలలకు పోర్ట్‌ల్యాండ్‌కు పంపేశారు.

తెల్లారి మ్యాచ్ (హైదరాబాద్):

అందరికీ నమస్కారం. ఇక్కడ కాఫీ కూడా కలపకముందే మ్యాచ్‌లు చూసే బ్యాచ్‌లో నేనొకడిని. మీ పోస్టులన్నీ చదివాను, నాకు ఒక్కటే డౌటు.

అదే 2018లో 11వ పిక్ ఎవరు? షే గిల్జియస్ అలెగ్జాండర్. 2025లో ఎంవీపీ, అదే ఏడు ఓక్లహోమాతో చాంపియన్. లూకాకు ఆ రెండూ ఇంకా లేవు. మరి షేను పది టీమ్‌లు వదిలేశాయి, తీసుకున్న షార్లెట్ కూడా అప్పటికప్పుడే క్లిప్పర్స్‌కు ఇచ్చేసింది, క్లిప్పర్స్ ఏడాదికే వదిలించుకున్నారు. వాళ్లనెవరూ ఇలా ఏకిపారేయడం లేదేం? 2014లో నికోలా యోకిచ్ 41వ పిక్. అతన్ని తీసుకున్న డెన్వరే ఆ రాత్రి ముందు 16వ పిక్ అయిన ఇంకో సెంటర్ నర్కిచ్‌ను చికాగో నుంచి ట్రేడ్‌లో తెచ్చుకుంది. యోకిచ్ పేరు వచ్చేసరికి టీవీలో యాడ్ నడుస్తోంది. తర్వాత మూడు ఎంవీపీలు. దొరికిపోయినవాళ్లనే తిడుతున్నాం అనిపిస్తోంది, మిగతా అందరూ గుంపులో తప్పించుకున్నారు.

ఇర్వింగ్ బాబాయ్:

హైదరాబాద్ బాబూ, నీ ప్రశ్నే నాకు బలం. షే విషయంలో, యోకిచ్ విషయంలో బల్ల మీద ఏమీ లేదు. షే కెంటకీ యూనివర్సిటీలో సగటున 14.4 పాయింట్లు చేసిన కుర్రాడు, సీజన్ మొదట్లో స్టార్టింగ్ ఐదుగురిలో కూడా లేడు. పది టీమ్‌లకూ కనిపించలేదంటే అది కనిపించే వస్తువు కాదనే అర్థం. అందుకే వాళ్లను తిట్టను. లూకాది కనిపించింది. ఒకటికి రెండు ట్రోఫీలతో కనిపించింది. రెండిటినీ ఒకే గాటన కట్టకు.

పోర్ట్‌ల్యాండ్‌ను చూడు. 1984లో రెండో పిక్‌తో సామ్ బౌయీని తీసుకుని మైకేల్ జోర్డన్‌ను వదిలేశారని 40 ఏళ్లుగా తిట్లు తింటున్నారు. కానీ అంతకు ముందు ఏడాదే తీసుకున్న క్లైడ్ డ్రెక్స్లర్ జోర్డన్ స్థానంలోనే ఆడతాడు, వాళ్లకు కావలసింది సెంటర్. అంతవరకూ సబబే. నేను తప్పు పట్టేది ఇంకోచోట. బౌయీ కాలు విరిగి కాలేజీలో రెండు సీజన్లు పూర్తిగా కూర్చున్నాడు. అది ముందే తెలిసిన విషయం. అదే టీమ్ 2007లో కెవిన్ డ్యురాంట్‌ను వదిలి గ్రెగ్ ఓడెన్‌ను తీసుకుంది, అతను వాళ్లకు మొత్తం ఆడింది 82 మ్యాచులు, అంటే ఒక్క సీజనంత. జనం ఈ రెండూ కలిపి ఒకే శాపం అంటారు. నేను అననివ్వను. ఓడెన్‌ను అప్పుడు దాదాపు అందరూ తీసుకునేవాళ్లే. బౌయీ కాలు మాత్రం ఎక్స్‌రేలో ఉన్న సంగతి. పనిలో పని, 1984లో మొదటి పిక్‌తో జోర్డన్‌ను వదిలేసిన హ్యూస్టన్‌ను ఒక్కరూ ఏమీ అనరు, ఎందుకంటే వాళ్లు తీసుకున్న ఒలాజువాన్ 1994, 1995లో టైటిల్స్ తెచ్చాడు.

శాక్రమెంటో మిత్రమా, బ్యాగ్లీ గాయాలు నీ టీమ్ తప్పు కాదు, ఒప్పుకుంటాను. నేను గాయాల గురించి అడగనే లేదు. 27 మ్యాచులు గెలిచిన టీమ్ "మాకు ఆ స్థానంలో మనిషి ఉన్నాడు" అనడమే నాకు నవ్వొస్తుంది. ఇంట్లో ఒక్క గిన్నె ఉన్నవాడు రెండో గిన్నె వద్దన్నట్టు. ఇద్దరూ కలిసి ఆడలేకపోతే రెండేళ్లకు ఒకరిని అమ్ముకోవచ్చు. మొదటి రౌండ్ కుర్రాడు నాలుగేళ్లు తక్కువ జీతానికే చేతిలో ఉంటాడు, తొందరేముంది?

కింగ్స్ బాధితుడు:

గిన్నె లెక్క మీరు డల్లాస్‌వాళ్లు చెప్తుంటే వినడానికి బావుంది. 2025 ఫిబ్రవరిలో అదే లూకాను లేకర్స్‌కు ఇచ్చేసింది ఎవరు? 25 ఏళ్లవాడు, అంతకు ముందు ఏడే ఫైనల్స్‌కు తీసుకెళ్లినవాడు, ఐదేళ్లు వరసగా ఆల్ ఎన్‌బీఏ ఫస్ట్ టీమ్ (సీజన్‌లో లీగ్ మొత్తానికి మేటి ఐదుగురు). బదులుగా 31 ఏళ్ల ఆంథనీ డేవిస్, మాక్స్ క్రిస్టీ, ఒక్క 2029 పిక్. ఆ సాయంత్రం బల్ల మీద ఏ సమాచారం తక్కువైందో చెప్పండి. మేం తెలియక వదిలేశాం, మీరు ఆరున్నరేళ్లు చూసి వదిలేశారు.

మాకు సాకు చూపించడానికి మిగిలిన ఫాక్స్ కూడా అదే నెలలో శాన్ ఆంటోనియో వెళ్లిపోయాడు, దాని గురించి మాత్రం అడక్కండి.

ఇర్వింగ్ బాబాయ్:

అది డ్రాఫ్ట్ కాదు, ట్రేడ్. దాని గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది, ఇంట్లోవాళ్లు నా ఫోన్ లాక్కుంటారు. ఆ ట్రేడ్ చేసిన జనరల్ మేనేజర్‌ను నవంబరులో తీసేశారు. అయినా మధ్యలో 1.8 శాతం అవకాశంతో లాటరీ గెలిచి మొదటి పిక్‌తో కూపర్ ఫ్లాగ్‌ను తెచ్చుకున్నాం. ఆ పిక్ మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే రాయండి. పదేళ్ల తర్వాత వచ్చి నాకు ముందే తెలుసు అంటే ఊరుకోను.

ఫీనిక్స్ ఎండ:

ఫ్లాగ్ మీద ఎవరికీ అభ్యంతరం లేదు, మీరు మాట మార్చకండి. కోకోష్కోవ్ గురించి నేను అడిగినదానికి ఇంకా జవాబు రాలేదు. ఈలోగా ఇంకోటి: 2025 వేసవిలో పోర్ట్‌ల్యాండ్ వదిలించుకున్న ఏటన్‌ను లేకర్స్ తెచ్చుకున్నారు. అంటే మొదటి పిక్, మూడో పిక్ ఒకే టీమ్‌లో చేరారు. లూకా పాస్ వేస్తే ఏటన్ డంక్ కొడుతున్నాడు, అదీ లాస్ ఏంజిలిస్‌లో. చాండ్లర్ తమ్ముడూ, నువ్వు ఎలాగూ చూస్తుంటావు, ఎలా ఉందో చెప్పు. నేనైతే ఆ మ్యాచ్‌లు పెట్టడం మానేశాను.